పోస్ట్‌గ్రెస్ టేబుల్స్‌కి వికీడేటా తగిలించినంక సైట్ పడుకుంటోంది, ఎట్ల కలపాలె?

మెహదీపట్నం కోడర్:
అన్నలూ అక్కలూ, ఒక చిక్కుల పడ్డ, జర చూడుండ్రి. మా చిన్న టీమ్ సిటీలో హెరిటేజ్ వాక్‌ల బుకింగ్ సైట్ నడుపుతుంది, వెనక జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్). కట్టడాలు, వాక్‌లు, బుకింగ్‌లు, ఈ మూడే పెద్ద టేబుల్స్. కట్టడం ఎప్పుడు కట్టిన్రు, ఎవరు కట్టించిన్రు, ఫొటో, మ్యాప్ ఇవన్నీ మనం కూసొని టైప్ చేసుడెందుకు, వికీడేటాల, అంటే వికీపీడియా వాళ్ల ఓపెన్ డేటాబేస్‌ల, ఉన్నయి గదా అని పేజీ తెరిచినప్పుడల్లా కట్టడం పేరుతోని స్పార్కల్ (వికీడేటాను అడిగే భాష) క్వెరీ కొట్టేటట్టు రాసిన. నా లాప్‌టాప్‌ల మంచిగనే ఉండె. మొన్న ఆదివారం జనం ఒక్కసారి వచ్చేసరికి పేజీ కదలదు, తర్వాత 429 ఎర్రర్లు (రిక్వెస్టులు ఎక్కువైనయని), ఆఖరికి బుకింగ్ బటన్ కూడా రాలె. ఇంకోటి, గోల్కొండ అని వెతికితే ఒకసారి కోట వస్తది ఒకసారి వేరేదేదో వస్తది. మా లీడ్ ఏమో మొత్తం డేటా ట్రిపుల్ స్టోర్‌లకు (విషయం, ప్రాపర్టీ, విలువ అని మూడు ముక్కల్ల దాచే గ్రాఫ్ డేటాబేస్) మార్చేద్దాం, బుకింగ్‌లతో సహా, అంతా ఒకే చోట ఉంటది అంటున్నడు. నాకైతే భయమైతుంది.

పాత డీబీఏ:
తమ్ముడూ నీ భయం కరెక్టే. బుకింగ్ అంటే డబ్బు, సీట్లు. 20 మంది వాక్‌కి 21వ మనిషికి టికెట్ వెళ్లిపోకూడదు, అది ట్రాన్సాక్షన్‌లతో, కన్‌స్ట్రెయింట్‌లతో కట్టడి చేసే పని, పోస్ట్‌గ్రెస్ అందులో ఆరితేరింది, దాన్ని అక్కడే ఉంచు. వికీడేటా లాంటి లింక్డ్ డేటా (ఐడీలతో ఒకదానికొకటి ముడిపడి ఉండే డేటా) లెక్క వేరు. నీ టేబుల్‌లో పేమెంట్ వరస లేకపోతే డబ్బు రాలేదనే. వికీడేటాలో ఒక కట్టడానికి కట్టించినవాళ్ల పేరు లేకపోతే కట్టించినవాళ్లే లేరని కాదు కదా, ఇంకా ఎవరూ ఎక్కించలేదంతే. ఈ తేడా మర్చిపోయి క్వెరీ రాస్తే, ఆప్షనల్ (లేకపోయినా పర్లేదు అని చెప్పే మాట) పెట్టకుండా, కట్టించినవాళ్ల పేరు లేని కట్టడాలన్నీ లిస్టులోంచే మాయమైపోతాయి.

నీ అసలు తప్పు పేరుతో వెతకడం. ఒకళ్లు హైదరాబాద్ అంటారు, ఇంకొకళ్లు హైదరాబాదు అంటారు, అది కనీసం కంటికి కనిపిస్తుంది. నాకు ఒకసారి రెండు వరసల్లో అచ్చంగా హైదరాబాద్ అనే ఉంది, జాయిన్ మాత్రం కలవట్లేదు, సగం రోజు పోయింది. చివరికి లెంగ్త్ ఫంక్షన్ వేస్తే ఒకదానికి 9, ఇంకోదానికి 10. ఎవరో "హైదరాబాద్‌లో" అన్న మాటలోంచి "లో" చెరిపేసి అతికించారు, పొల్లు తర్వాత ఉండే కనపడని జీరో విడ్త్ అక్షరం అలాగే ఉండిపోయింది. మన తెలుగు డేటాలో ఇది మామూలే.

అందుకని కట్టడాల టేబుల్‌లో వికీడేటా ఐడీ అని ఒక కాలమ్ పెట్టు, దానికి యూనిక్ కన్‌స్ట్రెయింట్ వెయ్. హైదరాబాద్ సిటీ అక్కడ క్యూ1361, పేరు ఎవరెలా రాసినా అది మారదు. నీ కట్టడాలు ఎన్ని, వందా రెండొందలా? ఒక సాయంత్రం ఇరానీ చాయ్ పెట్టుకుని మనిషే కూర్చుని ఒక్కోటి చూసి ఐడీ నింపితే సరిపోతుంది, దీనికి ఏఐ గీఐ ఏం వద్దు.

తర్వాత పేజీ తెరిచినప్పుడు బయటికి వెళ్లడం పూర్తిగా మానెయ్. రాత్రి ఒక జాబ్ పెట్టి వాల్యూస్ క్లాజ్‌లో ఓ 50 ఐడీలు కలిపి ఒకే క్వెరీగా పంపు. వికీడేటా క్వెరీ సర్వీసులో ఒక్కో క్వెరీకి 60 సెకన్ల టైమౌట్, ఎక్కువ వాడితే నువ్వు చూసిన 429. యూజర్ ఏజెంట్‌లో (రిక్వెస్ట్ ఎవరిదో చెప్పే హెడర్) మీ సైట్ పేరు, కాంటాక్ట్ పెట్టు, ఊరూ పేరూ లేని రిక్వెస్టులని వాళ్లు ఊరికే ఆపేస్తారు. వచ్చిందంతా విడిగా ఒక టేబుల్‌లో దాచు, కట్టడం ఐడీ, ప్రాపర్టీ, విలువ, భాష, తెచ్చిన తేదీ. మీరు సొంతంగా రాసుకున్న కాలమ్‌ల మీద మాత్రం దాన్ని రుద్దకు, రేపు అక్కడ ఎవడో తప్పు ఎడిట్ చేస్తే మీ గైడ్ సరిచేసింది కూడా కొట్టుకుపోతుంది.

మెహదీపట్నం కోడర్:
అన్నా మస్తు థాంక్స్, నిన్న కూసొని చేసిన, పేజీ ఇప్పుడు ఉరుకుతుంది. కానీ రెండు కొత్త గోసలు. చార్మినార్ 1591 జనవరి 1న కట్టిన్రు అని చూపిస్తుంది, న్యూ ఇయర్ నాడు కట్టిన్రా ఏంది? ఇంక మ్యాప్ తెరిస్తే చార్మినార్ మంచుల ఉంది. నిజంగనే మంచు అన్నా, చుట్టూ తెల్లగ. మా టెస్టర్ స్క్రీన్‌షాట్ తీసి ఆఫీస్ గ్రూప్‌ల ఏసిండు.

ఎస్‌క్యూఎల్ అక్క:
హహ ఆ మంచు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవులది బాబూ. వికీడేటా నుంచి కోఆర్డినేట్ పాయింట్ అని వచ్చి లోపల రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఉంటాయి, అంటే 78.47 ముందు, 17.36 వెనక. నువ్వు తిరగేసి చదివావు, 78 డిగ్రీల ఉత్తరం అంటే ధ్రువం దగ్గరికి పోయినట్టే. పోస్ట్‌జీఐఎస్ (పోస్ట్‌గ్రెస్‌కి మ్యాప్ డేటా ఎక్స్‌టెన్షన్) ఉంటే ఆ పాయింట్‌ని అలాగే ఇచ్చెయ్, అదీ రేఖాంశమే ముందు తీసుకుంటుంది, నువ్వు ముక్కలు కోయకు.

తేదీ సంగతి కూడా అలాంటిదే. సంవత్సరం వరకే తెలిసిన తేదీ అయినా మామూలు క్వెరీలో జనవరి 1 తగిలించుకునే వస్తుంది. దాని పక్కనే టైమ్ ప్రెసిషన్ అని ఒక అంకె ఉంటుంది, 9 అయితే సంవత్సరం, 11 అయితే రోజు. ఆ అంకె కూడా తెచ్చి దాచుకో, 9 ఉంటే 1591 అని మాత్రమే చూపించు.

ఇంకా నువ్వు చూడని గొయ్యి ఒకటుంది. ఒక కట్టడానికి రెండు ఫొటోలు ఉంటే రెండు వరసలు వస్తాయి, దాన్ని బుకింగ్‌లతో జాయిన్ చేసి సమ్ వేశావనుకో కలెక్షన్ డబుల్ కనిపిస్తుంది, మీ ఓనర్ మిఠాయిలు కూడా పంచేస్తాడు. ముందు కట్టడానికి ఒక్క వరసకి కుదించి అప్పుడు జాయిన్ చెయ్. ఫొటోల లైసెన్సులు కూడా చూసుకో, వికీడేటా సమాచారం సీసీ జీరో (ఎవరైనా షరతుల్లేకుండా వాడుకోవచ్చు) కానీ వికీమీడియా కామన్స్ ఫొటోలకి దేని లైసెన్స్ దానిది, చాలావాటికి తీసినవాళ్ల పేరు వెయ్యాల్సిందే.

కూకట్‌పల్లి బ్యాకెండ్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. లీడ్ గారికి గ్రాఫ్ మీద అంత మోజుంటే డేటా కదపకుండానే చూపించొచ్చు. ఆర్2ఆర్ఎంఎల్ అని 2012లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్ అయింది, ఏ టేబుల్ ఏ కాలమ్ ఏ ట్రిపుల్ అవుతుందో అందులో రాస్తే ఆంటాప్ లాంటి టూల్ స్పార్కల్ క్వెరీని అప్పటికప్పుడు ఎస్‌క్యూఎల్‌గా మార్చి పోస్ట్‌గ్రెస్‌నే అడుగుతుంది. మ్యాపింగ్‌లోకి కట్టడాలు, వాక్‌లు మాత్రమే రానివ్వండి, బుకింగ్ టేబుల్‌లో జనాల ఫోన్ నంబర్లు ఉంటాయి.

పాత డీబీఏ:
మీరన్నది నిజమే గానీ ఇంత చిన్న సైట్‌కి అది కూడా ఎక్కువేనండీ. కట్టడం పేజీలో జేసన్ ఎల్‌డీ (లింక్డ్ డేటాని జేసన్‌లో రాసే పద్ధతి) ముక్క ఒకటి పెట్టి, స్కీమా డాట్ ఆర్గ్ (అందరూ వాడే పదాల జాబితా) పదాలతో, సేమ్‌యాజ్ (ఇదీ అదీ ఒకటే అని చెప్పేది) దగ్గర వికీడేటా లింక్ ఇస్తే బయటివాళ్లకి మీ డేటా కూడా లింక్డ్ డేటానే. జాంగో టెంప్లేట్‌లో పది పదిహేను లైన్లు.

మెహదీపట్నం కోడర్:
చార్మినార్ పాతబస్తీకి వాపస్ వచ్చింది 😀 డేట్ కూడా సెట్ అయింది. లీడ్‌కు ఈ చర్చ పంపిన, ఆంటాప్ సంగతి చూసి "ముందే చెప్పొచ్చు గదా" అన్నడు. రాత్రి జాబ్‌ల ఒక్క కట్టడానికి మాత్రం ఏం వస్తలేదు, ఐడీ కరెక్టే ఉంది, పొయిన వారం వచ్చింది, ఇప్పుడు ఖాళీ.

ఎస్‌క్యూఎల్ అక్క:
ఆ ఐడీ పేజీ బ్రౌజర్‌లో తెరిచి చూడు, వేరే ఐడీకి దూకుతుందా? డూప్లికేట్లని కలిపేస్తే పాతది రీడైరెక్ట్ అయిపోతుంది, క్వెరీలో పాత ఐడీకి కొత్తదాన్ని చూపించే సేమ్‌యాజ్ ఒక్కటే మిగులుతుంది. జాబ్ మొదట్లో అది చెక్ చేసి కాలమ్ అప్‌డేట్ చెయ్.

మెహదీపట్నం కోడర్:
దూకింది అక్కా. అదే.