కురుసుర సబ్‌మెరైన్‌లోకి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కగలరా? వైజాగ్–భీమిలి రూట్ గురించి కూడా చెప్పండి

గోదారోడు:
మే చివర్లో రాజమండ్రి నుంచి కార్లో వైజాగ్ వస్తున్నాం, అమ్మానాన్న, మా ఆవిడ, బాబు. ఒక రోజంతా బీచ్ రోడ్డుకే, ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా. బాబుకి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూడాలని ఒకటే గోల, నాన్నకేమో సముద్రం చేప తినాలని, ఇంట్లో ఎప్పుడూ గోదారి చేపలే కదా. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, లోపలికి ఎక్కగలరా? ఏది ముందు చూడాలి, చేపలు ఎక్కడ తినాలి?

పెదవాల్తేరు పిల్ల:
పొద్దున్నే భీమిలి వైపు వెళ్ళిపోండి, 30 కిలోమీటర్ల లోపే, సముద్రం మీ కుడిపక్కనే ఉంటుంది. ఋషికొండ, తొట్లకొండ దాటాక మంగమారిపేట దగ్గర అలల్లో రాతి ఆర్చి ఉంది, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, అక్కడ నీడ ఉండదు కాబట్టి ఎండెక్కకముందే చూసేయాలి. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి, అమ్మగారికి బాగా నచ్చుతుంది. సబ్‌మెరైన్ సాయంత్రం పెట్టుకోండి, సోమవారం మాత్రం సెలవు.

నాన్నగారికైతే కష్టమేనండి. మెట్లెక్కడం వరకు పర్లేదు, లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులు, కాలు ఎత్తి అవతల పెట్టి నడుం వంచి దూరాలి, అది ఒక్కసారి కాదు.

నేవీ క్వార్టర్స్:
నిజమే, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టొద్దు. కానీ బాబుని తప్పకుండా తీసుకెళ్ళండి, దేశంలో ఇలాంటిది అరుదు. 1969లో నేవీలో చేరిన రష్యా తయారీ సబ్‌మెరైన్ అది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరయ్యాక తీరానికి లాగి 2002లో మ్యూజియం చేశారు. గైడ్లు ఎక్కువగా నేవీలో చేసి రిటైరైనవాళ్ళే, తొందరపడకుండా అడిగితే ఎంతో చెప్తారు. ముందు గదిలో టార్పెడోలు, వాటి పక్కనే నావికుల పడకలు, డెబ్బై మందికి పైగా ఆ ఇరుకులో వారాల తరబడి ఎలా ఉన్నారో చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. రోడ్డుకి అవతల టీయూ 142 విమానం ఉంది, నాన్నగారు దాన్ని బయటినుంచి చూస్తూ కూర్చోవచ్చు.

జాలారిపేట అన్న:
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం తమ్ముడూ, చేపలు గుడ్లు పెట్టే కాలం అని బోట్లన్నీ హార్బర్‌లో కట్టేస్తారు. మే నెలలో ఎవరైనా ఫ్రెష్ కోనాం (వంజరం చేప) అంటే అది ఐస్‌లోదో బయటినుంచి వచ్చిందో, గట్టిగా అడగండి. మోటారు లేని తెప్పలకి నిషేధం లేదు, వాళ్ళకి దగ్గర్లో దొరికే చిన్నచేపలు పొద్దున ఒడ్డుకి వస్తాయి. నెత్తళ్ళు గానీ కానాగంతలు గానీ దొరికితే వదలొద్దు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి పోయి ఉంటే వద్దు.

గోదారోడు:
అన్నా, నిషేధం సంగతి అస్సలు తెలీదు. అయితే ట్రిప్ జూన్ చివరికి మార్చేదా? బాబు స్కూలు తెరిచేస్తారు కానీ ఆదివారం చూసుకోవచ్చు.

జాలారిపేట అన్న:
నాన్నకి సముద్రం చేప తినాలనుంటే జూన్ చివరే రండి. కోనాం ముక్కలు పులుసు పెట్టించండి, చందువా వేయించమనండి. తెల్లారకముందే హార్బర్‌కి వెళ్తే వేలం పాట కూడా చూడొచ్చు, కింద తడిగా జారుడుగా ఉంటుంది, నాన్నని చెయ్యి పట్టుకుని నడిపించండి.