ఎం1 పక్కన గుట్ట మీద కప్పు లేని బంగ్లా ఏమిటి? ఇంగ్లండ్‌లో ఇంత పెద్ద ఇళ్లు ఎందుకు పీకేశారు?

నాటింగ్‌హామ్_కుర్రాడు:
ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. షెఫీల్డ్‌లో ఫ్రెండ్స్ దగ్గరికి బస్సులో వెళ్లినప్పుడల్లా ఎం1 మోటార్‌వే మీద 29వ జంక్షన్ దాటాక ఎడమవైపు గుట్ట మీద పెద్ద రాతి బంగ్లా కనిపిస్తుంది. కప్పు లేదు, కిటికీల్లోంచి ఆకాశమే. యుద్ధంలో బాంబు పడిందేమో అనుకున్నాను. క్లాస్‌మేట్ ఒకడు మాత్రం "ట్యాక్స్ కట్టలేక వాళ్లే పీకేసుకున్నారు, అలాంటివి వందల్లో పోయాయి" అన్నాడు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాతిగోడ:
మీరు చూసింది సట్టన్ స్కార్స్‌డేల్ హాల్. దాని మీద బాంబు పడలేదు. ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. నేను చెస్టర్‌ఫీల్డ్‌లో ఉంటాను, పాత భవనాల మరమ్మతులకు అంచనాలు వేయడం నా పని. ఈ ఇంటి గురించి అడిగితే క్లుప్తంగా చెప్పడం నావల్ల కాదు, ఓపిగ్గా చదవండి.

1724లో స్కార్స్‌డేల్ ఎర్ల్ కోసం ఫ్రాన్సిస్ స్మిత్ కట్టడం మొదలుపెట్టాడు. లోపలి గోడల మీద సున్నంతో పూలు, బొమ్మలు తీర్చడానికి ఇటలీ పనివాళ్లు వచ్చారు. 1919లో ఎస్టేటు అమ్మకానికి వచ్చింది. కొన్న వ్యాపారులకు కావలసింది ఇల్లు కాదు, అందులోని సరుకు. కప్పు మీద సీసం రేకులు తీసి అమ్మారు, చెక్క పలకలు విప్పి గదులకు గదులే అమెరికా పంపేశారు. కొన్ని ఫిలడెల్ఫియా మ్యూజియానికి చేరాయి. 1946లో మిగిలిన గోడలు కూడా కూలుస్తారనగా, దగ్గర్లోని రెనిషా హాల్ యజమాని ఆస్‌బర్ట్ సిట్‌వెల్ కొని ఆపాడు. మీకు ఇవాళ కనబడుతున్నది ఆయన కొన్నదే.

ఇక ట్యాక్స్ సంగతి. అది సగం నిజం. ఈ ఇళ్లన్నీ చుట్టూ ఉన్న భూమి కౌళ్ల మీద బతికేవి. 1870ల నుంచి అమెరికా గోధుమ రైళ్లలో, స్టీమర్లలో చవగ్గా దిగడం మొదలైంది. ఇరవై ఏళ్లలో ఇక్కడ గోధుమ ధర సగానికి పైగా పడిపోయింది. దాంతో కౌళ్లూ పడ్డాయి. రాబడి తగ్గినా ఇల్లు మాత్రం తగ్గదు కదా. ఈ ఇళ్ల కప్పు చుట్టూ పిట్టగోడ ఉంటుంది, దాని వెనక కింద నుంచి కనబడని సీసం కాలువలు ఉంటాయి. ఒక్క కాలువ ఆకులతో పూడిపోయి ఎవరూ చూడకపోతే చాలు, నీళ్లు గోడలోకి దిగి దూలాల చివర్లు కుళ్లిపోతాయి. నేను రాసే అంచనాల్లో పెద్ద అంకె ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కాలువలు తుడిచే మనుషులు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ దొర కొలువులో చేరలేదు.

దీని పైన వచ్చింది పన్ను. యజమాని చనిపోతే ఆస్తి మీద కట్టే ఎస్టేట్ డ్యూటీ 1894లో మొదలైనప్పుడు అత్యధికంగా 8 శాతం. 1919కి అది 40 శాతం, 1949కి 80 శాతం. తండ్రి పోయాక కొడుకు యుద్ధంలో పోతే వెంటవెంటనే రెండు చావుల లెక్క తేల్చాలి. నా దృష్టిలో ఇంటిని పడగొట్టింది గోధుమ, పాతిపెట్టింది పన్ను.

మీ ఊరి పక్కనే ఇంకొకటి ఉండేది, నథాల్ టెంపుల్. 1750లలో ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో కట్టిన విల్లా రొటొండా నమూనాలో, మధ్యలో గుమ్మటంతో కట్టారు. 1929లో సామాను వేలం వేసి, ఇంటికి నిప్పు పెట్టి కూల్చారు. ఇప్పుడు ఆ స్థలం మీదుగా ఎం1 పోతుంది. 26వ జంక్షన్ దగ్గర మీరు ఎక్కే రోడ్డే అది. ఆ నమూనాలో ఇంగ్లండ్‌లో కట్టినవాటిలో మియర్‌వర్త్, చిజ్విక్ నిలిచాయి. ఫుట్స్ క్రే 1949లో కాలిపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇలా పోయినవి వెయ్యికి పైనే. 1955లో సగటున ఐదు రోజులకొక ఇల్లు కూలింది. 1947 చట్టం ప్రకారం, కాపాడదగినవిగా ప్రభుత్వ జాబితాలో చేర్చిన భవనాన్ని కూడా, రెండు నెలల ముందు నోటీసిస్తే, కూల్చుకోగలిగేవారు! అడ్డుకోవాలంటే అధికారులే కదలాలి. అనుమతి తప్పనిసరి అయింది 1968లో. అప్పటికే పోవలసినవి పోయాయి. 1974లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూలిన ఇళ్ల ఫొటోలతో ఎగ్జిబిషన్ పెట్టి, వాటి పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించారు. జనం నిజంగా కదిలింది దాని తర్వాతే.

బొబ్బిలి_వీణ:
వివరాలు బాగున్నాయండీ, కానీ నాకు జాలి కలగడం లేదు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ అనే బంగ్లా ఉంది. అది కట్టించింది 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నర్‌గా చేసిన థామస్ రంబోల్డ్. మా ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు రప్పించి శిస్తు ఒప్పందాలు చేసింది ఆయనే. లంచాలు మేశాడని పార్లమెంటులో బిల్లు కూడా పెట్టారు, అది ఎటూ తేలకుండా పోయింది. ఆయన తర్వాత అదే ఇల్లు కొన్నది ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చిన పాల్ బెన్‌ఫీల్డ్. అప్పట్లో నెల్లూరు కూడా ఆ నవాబు ఏలుబడిలోదే. అంటే ఆ వడ్డీలో మన రైతు చెమట కూడా ఉంది. అలాంటి ఇళ్లు కూలితే మనం ఎందుకు బాధపడాలి?

రాతిగోడ:
మీరు చెప్పిన ప్రతి మాటా నాకు ముఖ్యమే. దొరల కోసం నేనూ బాధపడను. సున్నం తీర్చినవాడి చేతిపని పోయిందని బాధపడతాను. ఇంకో కారణం మీ మాటలోనే ఉంది. వుడ్‌హాల్ పార్క్ నిలబడింది కాబట్టి, ఇప్పుడు స్కూలు నడుస్తున్న ఆ గోడల ముందు నిలబడి "ఈ డబ్బు ఎక్కడిది?" అని మీరు అడగగలుగుతున్నారు. 2020లో పాత భవనాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ తన అధీనంలో ఉన్న 93 చోట్లకు వలస పాలనతో, బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలు బయటపెట్టింది. ఇక్కడ పెద్ద గొడవే అయింది. నథాల్ టెంపుల్‌ని అలా నిలదీయాలంటే తారు రోడ్డు తప్ప ఏం మిగిలింది?

ఒకటి మాత్రం చెప్పాలి. అన్నీ దొరల కోసమే కాపాడలేదు. 1946లో యార్క్‌షైర్‌లోని వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ అనే బంగ్లా గుమ్మం దాకా ప్రభుత్వం బొగ్గు తవ్వబోతే, వద్దని అడ్డం తిరిగినవాళ్లలో యార్క్‌షైర్ గని కార్మికుల సంఘం ఉంది. ఆ తోటల్లో తిరిగింది వాళ్ల పిల్లలే. అయినా తవ్వేశారు. ఆరు వందల అడుగులు దాటిన ముఖభాగం ఉన్న ఆ ఇంటిని 2017లో ఒక ట్రస్ట్ 70 లక్షల పౌండ్లకు కొని, ఇప్పుడు కప్పుల నుంచి బాగుచేస్తోంది.

నాటింగ్‌హామ్_కుర్రాడు:
చాలా థాంక్స్ అండి. సట్టన్ స్కార్స్‌డేల్ లోపలికి వెళ్లనిస్తారా? దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

రాతిగోడ:
చారిత్రక కట్టడాల సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ చూసుకుంటోంది, టికెట్ లేదు. మరమ్మతుల వల్ల కంచె వేస్తుంటారు, వెళ్లేముందు వాళ్ల సైట్ చూసుకోండి. గోడల మీద సున్నం పని ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి, తలెత్తి చూడండి. అక్కడికి వెళ్లే దారిలోనే 29వ జంక్షన్ దగ్గర కుడివైపు హార్డ్‌విక్ హాల్ వస్తుంది. అదీ, ఛాట్స్‌వర్త్ అనే ఇంకో బంగ్లా అప్పట్లో డెవన్‌షైర్ డ్యూక్ కుటుంబానివే. ఆస్తి బదిలీ చేశాక ఐదేళ్లు బతికితేనే పన్ను తప్పేది. డ్యూక్ ఛాట్స్‌వర్త్ ఎస్టేటును కొడుక్కి బదిలీ చేసి, ఆ ఐదేళ్లు పూర్తికావడానికి కొన్ని నెలల ముందు 1950 నవంబరులో చనిపోయాడు. 80 శాతం పన్ను పడింది. ఆ బాకీ కింద హార్డ్‌విక్‌ను ఇచ్చి ఛాట్స్‌వర్త్‌ను నిలబెట్టుకున్నారు. హార్డ్‌విక్, ఛాట్స్‌వర్త్ రెండూ ఒకే రోజులో చూడాలని పెట్టుకోకండి, హార్డ్‌విక్‌కే పూట పడుతుంది.

ఫిలడెల్ఫియాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడి మ్యూజియంలో సట్టన్ స్కార్స్‌డేల్ గదులు ఇప్పుడు చూడనిస్తున్నారేమో కనుక్కుని, వీలైతే ఫొటోలు పెట్టండి. చెక్క పలకల అంచులు ఎలా కలిపారో దగ్గర్నుంచి తీస్తే ఇంకా మంచిది.