తోహో స్టూడియో ఎవరిది? డబ్బు పెట్టిన కొబయాషిదా, పని చేసినవాళ్లదా?

గోదారిగట్టు:
2024 జనవరిలో జపాన్‌లోని తకరజుకా అనే ఊళ్లో మన ఆర్ఆర్ఆర్‌ని స్టేజీ మీద వేశారు. భీమ్ దగ్గర్నుంచి బ్రిటిష్ దొర దాకా వేషాలన్నీ ఆడవాళ్లే కట్టారు. ఆ వీడియో ముక్కలు చూసి మనవాళ్లందరం తెగ సంబరపడ్డాం గానీ, నూట పదేళ్ల నాటి ఆ నాటక సమాజాన్ని పెట్టిందెవరు అని అడిగినవాళ్లు తక్కువ. ఆయన పేరు కొబయాషి ఇచిజో. రైలు కంపెనీ నడిపిన మనిషి. గాడ్జిల్లా వచ్చిన తోహో స్టూడియోకి కూడా మూలపురుషుడు ఆయనే. తోహో అన్న పేరులోనే అది ఉంది: టోక్యో నుంచి 'తో', తకరజుకా నుంచి 'తకర' అనే అక్షరం, దాన్నే ఇంకోలా చదివితే 'హో'.

నా వాదన సూటిగా చెప్తాను. ఆయన లేకపోతే తోహో లేదు. సినిమా తీసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, ప్రేక్షకుణ్ణి తయారుచేసే మనిషి మాత్రం అరుదు. 1910లో ఆయన ఒసాకా నుంచి తకరజుకాకి రైలు వేసినప్పుడు ఆ దారంతా పొలాలే. ఎక్కేవాళ్లు లేరు. అందుకని లైను పక్కన స్థలాలు ముందే కొని, ఇళ్లు కట్టి, పదేళ్ల వాయిదాల మీద ఉద్యోగస్తులకి అమ్మాడు. ఇల్లు కొన్నవాడు రోజూ రైలెక్కక తప్పదు కదా. ఆదివారం కూడా ఎక్కాలంటే లైను చివర ఏదో ఒకటి ఉండాలని వేడినీటి స్నానాల దగ్గర వినోదశాల కట్టాడు. అందులోంచి నాటకం వచ్చింది, నాటకంలోంచి టోక్యో థియేటరు, ఆ థియేటరు కంపెనీలోంచి తోహో. మీరేమంటారు?

సౌండ్‌వాలా:
గట్టు గారూ, మీరు చెప్పిన వరస వినడానికి బాగుంది గానీ ఆఖరి మెట్టు దగ్గర నేను ఒప్పుకోను. థియేటరు కంపెనీలోంచి స్టూడియో పుట్టలేదండి. అది వేరేచోట, వేరేవాళ్ల చేతుల్లో పుట్టింది.

టోక్యో పొలిమేరలో కినుతా అనే చోట పి.సి.ఎల్. అని ఒక ల్యాబ్ ఉండేది. ఫొటో కెమికల్ లేబరేటరీ, 1929 నాటిది. జపాన్ ఇంకా మూకీల్లో ఉండగానే వాళ్లు సౌండ్ రికార్డింగ్ మీద కూర్చున్నారు. మొదట వేరే కంపెనీల సినిమాలకి శబ్దం పట్టి ఇద్దామనుకున్నారు, ఆ బేరం నడవకపోయేసరికి 1933లో బీరు కంపెనీ డబ్బుతో సొంతంగా సినిమా తీశారు. అసిస్టెంట్ డైరెక్టర్లని పరీక్ష పెట్టి తీసుకునేవారు. బంధువులబ్బాయి, పెద్దాయన చెప్పాడు, ఇలాంటివి లేకుండా. 1936లో ఆ పరీక్ష రాసి వచ్చినవాడే కురొసావా అకిరా. క్యోటోలో జె.ఓ. అని ఇంకో స్టూడియో, అక్కడ కెమెరా దగ్గర ఉన్నాయన త్సుబురాయా ఎయిజి, తర్వాత గాడ్జిల్లాని నడిపించినాయన. కొబయాషి 1937లో వీళ్లందరినీ కలిపేసి తోహో సినిమా కంపెనీ అని పేరు పెట్టాడు. అంటే వండిన వంట ఉన్న ఇల్లు కొన్నాడు.

నేను ఇరవై ఏళ్లుగా సౌండ్ పనిలో ఉన్నాను. ఒక సినిమాకి నాలుగు నెలలు రాత్రింబవళ్లు పనిచేస్తే నిర్మాత సగం డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు, విజయోత్సవం మాత్రం చాలా ఘనంగా చేశాడు. అందుకే ఎవరైనా 'ఫలానా పెద్దమనిషి స్టూడియో కట్టాడు' అంటే నాకు మైకు పట్టుకున్నవాడెవరు అని అడగాలనిపిస్తుంది.

ఉమెదా నుంచి:
నేను ఒసాకాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. కొబయాషి పెట్టిన రైల్లోనే ఆఫీసుకి వెళ్తాను, ఇప్పుడు దాని పేరు హాంక్యూ. బోగీలన్నీ ముదురు మెరూన్ రంగు, సీట్లు ఆకుపచ్చ, చెయ్యి వేస్తే వెల్వెట్‌లా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి అలసిపోయి ఎక్కినా ఆ సీట్లో కూర్చోగానే మర్యాద చేసినట్టు ఉంటుంది. ఇది చెప్పడం ఎందుకంటే కొబయాషి గురించి ఇక్కడివాళ్లు చెప్పే కథ అంతా ఈ మర్యాద చుట్టూనే ఉంటుంది.

1929లో ఒసాకాలోని ఉమెదా స్టేషన్లోనే ఎనిమిది అంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోర్ పెట్టాడు. పై అంతస్తులో భోజనశాల, అక్కడ కర్రీ రైస్‌కి పెద్ద పేరు. సరిగ్గా అప్పుడే ఆర్థికమాంద్యం వచ్చిపడింది. జేబులో అయిదు సెన్లు (వంద సెన్లు ఒక యెన్) ఉన్న కుర్రాళ్లు వచ్చి ఉత్త అన్నం మాత్రం అడిగి, బల్ల మీద ఊరికే ఉండే సాస్ సీసా ఎత్తి ఆ అన్నం మీద పోసుకుని కలుపుకుని తిని వెళ్లిపోయేవారు. సిబ్బందికి చిరాకు. కొబయాషి ఏం చేశాడంటే, 'అన్నం మాత్రమే తినేవారికి స్వాగతం' అని బోర్డు పెట్టించాడు. పళ్లెంలో పక్కన కాస్త ఊరగాయ కూడా వేయించాడు. వీళ్లు ఇవాళ లేనివాళ్లు, రేపు పెళ్లిళ్లయి పిల్లలతో వస్తారు, అప్పుడు ఇక్కడికే వస్తారు అన్నది ఆయన లెక్క.

అది వ్యాపారమే, కాదనను. కానీ ఉత్త అన్నం తింటున్నవాడి తల దించకుండా చేసిన వ్యాపారం. సౌండ్‌వాలా గారూ, పి.సి.ఎల్. వాళ్ల గొప్పతనం నాకూ ఇష్టమే, అయితే వాళ్లు తీసిన సినిమా ఆడడానికి హాలు కావాలి కదా. ఆ రోజుల్లో టోక్యో నాటకాలు, సినిమాలు చాలావరకు షోచికు అనే పెద్ద కంపెనీ చేతిలో ఉండేవి.

పాతపేజీలు:
షోచికు మాట వచ్చింది కాబట్టి తేదీలతో కొంచెం చెప్తాను, దీని మీద బాగా చదివాను.

1932 ఆగస్టులో కొబయాషి టోక్యో తకరజుకా థియేటరు కంపెనీ పెట్టాడు, తోహో తన పుట్టినరోజుగా చెప్పుకునేది దాన్నే. థియేటరు తెరిచింది 1934 జనవరి 1న. పక్కనే హిబియాలో సినిమా హాలు, ఏ సీటైనా 50 సెన్లు. ఆయన సూత్రం ఒకటే: హాలు పెద్దదైతే టికెట్టు చవకవుతుంది. తకరజుకాలో 1924లోనే నాలుగు వేల సీట్ల హాలు కట్టించాడు. అప్పటిదాకా కబుకి, అంటే జపాన్ సంప్రదాయ నాటకమంటే ఖరీదైన వ్యవహారం. నేల టికెట్టు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాలి, పెళ్లాం పిల్లలతో వచ్చి చూసి, భోంచేసి, ఆఖరి రైలు కంటే ముందే ఇంటికి పోవాలి, ఇదీ ఆయన పట్టుదల.

1937లో తోహో సినిమా కంపెనీ కాగానే షోచికు, నిక్కత్సుతో పాటు మరో రెండు కంపెనీలు కలిసి కట్టు కట్టాయి: తోహో సినిమాలు వేసే హాళ్లకి మా సినిమాలు ఇవ్వం అని. అదే ఏడాది నవంబరులో షోచికు నుంచి తోహోకి మారిన పెద్ద హీరో హసెగావా కజువో ముఖాన్ని క్యోటోలో ఒకడు బ్లేడుతో కోశాడు. ఎడమ చెంప. ఆ మచ్చని మేకప్ కింద దాచుకుంటూ ఆయన ఇంకో పాతికేళ్లు హీరోగా నటించాడు. ఇలాంటి వాతావరణంలో పరీక్ష రాసి వచ్చిన కుర్రాళ్ల ల్యాబ్ ఒంటరిగా ఎన్నాళ్లు నిలబడేది? నా దృష్టిలో వండిన ఇల్లు కొన్నాడన్నది అన్యాయం, ఆ ఇంటికి తలుపులూ గోడలూ పెట్టింది ఆయనే.

సౌండ్‌వాలా:
సరే, గోడలు పెట్టాడు. మరి ఆ గోడల లోపల 1948లో ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా.

యుద్ధం అయిపోయాక తోహోలో యూనియన్ బలపడింది. 1946లోనే రెండు సమ్మెలు. ఏ కథ తియ్యాలి అన్న నిర్ణయంలో కూడా పనివాళ్లకి మాట దక్కింది, అప్పటికది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అది నచ్చని తారలు, కొందరు టెక్నీషియన్లు విడిపోయి 1947లో షిన్‌తోహో అని వేరే కంపెనీ పెట్టుకున్నారు. 1948 ఏప్రిల్లో యాజమాన్యం స్టూడియో నుంచి 270 మందిని తీసేస్తున్నామంది. జనం కినుతా స్టూడియోని పట్టుకుని లోపలే కూర్చున్నారు. ముళ్లకంచె వేశారు. తుఫాను సన్నివేశాలకి గాలి పుట్టించే పెద్ద పెద్ద ఫ్యాన్లుంటాయే, వాటిని గేటు వైపు తిప్పి పెట్టారు. మామూలు రోజుల్లో వాటితో సినిమా తుఫాన్లు పుట్టించేవాళ్లే, తమ ఉద్యోగం కాపాడుకోవడానికి అవే దొరికాయి వాళ్లకి. ఆగస్టు 19న సుమారు రెండు వేల మంది పోలీసులు వచ్చారు, వెనక అమెరికా సైన్యం ట్యాంకులు, పైన విమానాలు. రానివి యుద్ధనౌకలే అని జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్టోబరులో ఇరవై మంది నాయకులు బయటికి పోవడంతో అది ముగిసింది. కురొసావా కూడా కొన్నాళ్లు వేరే కంపెనీలకి సినిమాలు తీసుకున్నాడు, 1952లో గానీ సొంతగూటిలో తీసిన సినిమా రాలేదు.

ఉత్త అన్నం తినేవాళ్లకి స్వాగతం అని బోర్డు పెట్టిన మనిషి కంపెనీ అండి ఇది. ఆ 270 ఇళ్లలో అన్నం సంగతి ఎవరు చూశారు?

పాతపేజీలు:
మీ బాధ అర్థమవుతుంది. కానీ దాన్ని కొబయాషి మెడకి చుట్టకండి, తేదీలు ఒప్పుకోవు. యుద్ధకాలపు మంత్రి అన్న కారణంతో 1946లోనే అమెరికా ఆక్రమణ ప్రభుత్వం ఆయన్ని ఏ పదవిలోనూ ఉండకూడదని నిషేధించింది. అది ఎత్తేసింది 1951లో. ట్యాంకులు వచ్చినప్పుడు తోహో అధ్యక్షుడు వతనబే తెత్సుజో, కమ్యూనిస్టులంటే పడనివాడు, కంపెనీని నష్టాల ఎరుపు నుంచీ జెండాల ఎరుపు నుంచీ ఒకేసారి బయటపడేస్తానని వచ్చినవాడు.

కొబయాషిని తప్పు పట్టాలంటే వేరేచోట పట్టాలి. 1940 జులైలో వాణిజ్య పరిశ్రమల మంత్రి అయ్యాడు. ఆ సెప్టెంబరులో చమురు కోసం డచ్చివాళ్లతో బేరానికి బటావియా దాకా వెళ్లాడు, ఇప్పటి జకార్తా. వ్యాపారాన్ని సర్కారు గుప్పిట్లో పెట్టే పద్ధతి తనకి నచ్చదని సొంత శాఖ అధికారి కిషి నొబుసుకెతోనే గొడవపడి, ఏడాది తిరక్కుండానే పదవి పోగొట్టుకున్నాడు. అయినా యుద్ధం చేస్తున్న ప్రభుత్వంలో కుర్చీ కుర్చీయే. 1942లో తోహో నౌకాదళం కోసం పెర్ల్ హార్బర్ మీద దాడిని సినిమా తీసింది, త్సుబురాయా బొమ్మ ఓడలతో. ఇక కొబయాషి ముచ్చటపడి కట్టుకున్న టోక్యో థియేటరు 1944లో మూతపడింది. అక్కడ స్కూలు ఆడపిల్లల చేత కాగితపు బెలూన్లు అతికించారు, బాంబులు కట్టి అమెరికా మీదికి వదలడానికి.

అనసూయ_విశాఖ:
ఇందాకటి నుంచి చదువుతున్నాను, అందరూ మగవాళ్ల లెక్కే వేస్తున్నారు. ఆడపిల్లల సంగతి నేను చెప్తాను.

తకరజుకా మొదటి వేదిక ఏంటో తెలుసా? ఈత కొలను. స్నానాల దగ్గర కొబయాషి గది లోపల కొలను కట్టించాడు. ఎండ తగలక నీళ్లు మంచులా ఉండేవి, ఆడా మగా కలిసి ఈదకూడదని పోలీసు నిబంధన కూడా, ఎవరూ దిగలేదు. నష్టం వచ్చిన ఆ కొలను మీద పలకలు పరిచి జనాన్ని కూర్చోబెట్టారు, బట్టలు మార్చుకునే గదిని స్టేజీ చేశారు. 1914 ఏప్రిల్లో చిన్న వయసు ఆడపిల్లలు అక్కడ పాడారు. స్నానానికి టికెట్టు కొన్నవాళ్లకి పాట ఉచితం. అంటే ఆ పిల్లల గొంతుల మీదే ఆ ఊరూ, ఆ రైలూ, గట్టు గారు చెప్పిన ఆ వరసంతా నిలబడింది.

నేను ఆయన్ని తిట్టను. ఆడపిల్ల స్టేజీ ఎక్కితే కుటుంబం పరువు పోయిందనుకునే రోజుల్లో బడి పెట్టి, సంగీతం, నాట్యం నేర్పించి, తల్లిదండ్రులే తీసుకొచ్చి చేర్పించేలా చేశాడు. మొదట్లో వాళ్ల కోసం కథలు కూడా స్వయంగా రాశాడు, కుర్రతనంలో సొంతూరి పత్రికకి నవల రాసిన మనిషే మరి. కానీ నియమం ఏంటంటే పెళ్లయితే బయటికి. ఇప్పటికీ అంతే. పాతికేళ్లు మగవేషాలు వేసి వేలమందిని ఏడిపించి నవ్వించిన నటి కూడా అక్కడి మాటలో 'విద్యార్థి'నే. మా అమ్మమ్మ పెళ్లికి ముందు హరికథ చెప్పేది, పెళ్లయ్యాక ఒక్కసారి కూడా గజ్జె కట్టలేదు. భీమ్ వేషం కట్టినామె కొమురం భీముడో పాటకి స్టేజీ మీద మోకాళ్ల మీద ఉన్న ఫొటో చూసి నాకు మా అమ్మమ్మే గుర్తొచ్చింది.

గోదారిగట్టు:
అనసూయ గారూ, కొలను సంగతి నాకు తెలుసు, మీరు చెప్పిన వైపు నుంచి మాత్రం చూడలేదు.

సౌండ్‌వాలా అన్నా, మొదటి పోస్టులో 'సినిమా తీసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు' అని రాశాను, ఆ వాక్యం తప్పు. దొరకరు. 1954 ఒక్క ఏడాది చూడండి. ఏప్రిల్లో కురొసావా తీసిన సెవెన్ సమురాయ్, నవంబరులో గాడ్జిల్లా, రెండూ తోహోవే. మొదటిదానికి డబ్బులైపోయి షూటింగు మధ్యలో ఆగింది, మళ్లీ మొదలైంది. రెండోదాన్ని హోండా ఇషిరో, త్సుబురాయా కలిసి రబ్బరు తొడుగులో మనిషిని నిలబెట్టి తీశారు, తొంభై ఆరు లక్షల మంది చూశారు. నిషేధం పోయాక 1951లో తిరిగొచ్చి అప్పుడు అధ్యక్షుడి కుర్చీలో ఉన్నది కొబయాషి, ఎనభై ఏళ్లు దాటాయి. ఆ రెండు సినిమాలకి డబ్బు దొరికింది ఆయన కంపెనీలోనే అన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

సౌండ్‌వాలా:
తీసుకోవద్దు. నేనూ ఫ్యాన్ల మాట వెనక్కి తీసుకోను. గాడ్జిల్లా అరుపు మాత్రం ఎవరైనా వినే ఉంటారు కదా, అది జంతువుది కాదు. సంగీత దర్శకుడు ఇఫుకుబే అకిరా ఆలోచన మీద డబుల్ బాస్ తీగల్ని తోలు చేతితొడుగుతో రుద్ది, ఆ శబ్దాన్ని సాగదీశారు. ఈసారి విన్నప్పుడు ఆ తొడుగు వేసుకున్న చెయ్యిని ఊహించుకోండి.