పావగడ సోలార్ పార్క్ మీద గ్రాంటు రాయాలి, ఫిజిక్స్ వాళ్లకి ఇస్తారా?

సిలికాన్ సుబ్బి:
బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పీహెచ్‌డీ సోలార్ సెల్స్ మీద చేశాను. కర్ణాటకలోని పావగడలో సోలార్ పార్క్ (పెద్ద సౌర విద్యుత్ కేంద్రం) వచ్చాక అక్కడి ఊళ్లలో ఏం మారిందో చూడాలని ఉంది, ముఖ్యంగా భూమి లేని కూలీల సంగతి. సోషల్ సైన్స్ పరిశోధనకి నిధులిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కి పెట్టాలా, సైన్స్ పరిశోధనకి నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కా? సైన్స్ డిపార్ట్‌మెంట్ మనిషి ముఖ్య పరిశోధకురాలిగా ఉండొచ్చా? ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకి రోజు కూలి బడ్జెట్‌లో చూపించొచ్చా? దరఖాస్తులో సామాజిక ప్రభావం అన్న గడిలో ఏం రాస్తే నమ్ముతారు? డెడ్‌లైన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

మల్లేశ్వరం మాష్టారు:
ఈ రంగంలో తల నెరిసినవాణ్ణి, ప్రపోజల్స్ చదివే కమిటీల్లో కూర్చున్నవాణ్ణి, కాబట్టి నా మాట వినండి. సైన్స్ వాళ్లు ఆ గడిలో 'ప్రజల్లో అవగాహన పెంచుతాం' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఎవరికి పెంచుతారు? దేని మీద? పెరిగిందని ఎలా తెలుస్తుంది? ఒక్కరూ రాయరు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ 1969 నుంచి ఉన్న సంస్థ. వాళ్లకి కావాల్సింది సోషల్ సైన్స్ ప్రశ్న, మీ ప్యానెళ్ల సామర్థ్యం కాదు. 2023 చట్టంతో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ పరిధిలో సైన్స్‌తో ముడిపడిన సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ కూడా ఉన్నాయి. ఎంతసేపూ దాన్ని సైన్స్‌కి నిధులిచ్చిన పాత ఎస్‌ఈఆర్‌బీ అనుకునే వాళ్లకి ఈ సంగతి తెలియదు. మిగతావి మెసేజ్‌లో అడగండి.

యూసీ బాధితుడు:
గ్రాంటు రావడం గొప్ప కాదండీ, వచ్చాక ఉంటుంది అసలు కథ. మాకు మొదటి విడత వచ్చింది, ఫీల్డ్‌వర్క్ మొదలుపెట్టాం. రెండో విడతకి యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) పంపితే ప్రభుత్వ ఫారం 12-ఏ నమూనాలో లేదని తిప్పి పంపారు. సరిచేసి పంపితే వడ్డీ ఏదీ అన్నారు. ఖాతాలో పడిన వడ్డీ 412 రూపాయలు. అది ప్రభుత్వానికి డబ్బు కట్టే భారత్‌కోశ్ పోర్టల్‌లో కట్టి రసీదు జత చేసేదాకా ఫైలు కదల్లేదు. ఈలోపు జీతం లేక మా ప్రాజెక్ట్ కుర్రాడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చూసుకున్నాడు. వాణ్ణి ఏమనగలం, ఇంటి అద్దె ఆగదు కదా.

పావగడ పిల్ల:
సుబ్బి గారూ, మాది తిరుమణి పక్క ఊరు. కూలి గురించిన మీ మూడో ప్రశ్నకే నా జవాబు: ఇవ్వాలి. 2,050 మెగావాట్లు, 13 వేల ఎకరాలు అని అందరూ గొప్పగా రాస్తారు. భూమి ఉన్నోళ్లకి ఎకరానికి ఏడాదికి 21 వేలతో కౌలు మొదలైంది, మంచిదే, వానల్లేని ఊరికి అది పెద్ద డబ్బే. వేరుశనగ పీకడానికి, కలుపుకి పోయే ఆడవాళ్లకి మాత్రం కౌలూ లేదు, పనీ పోయింది. గొర్రెలు మేసే జాగా కంచె లోపలికి పోయింది. అట్లాంటి మనిషికి కూలి దొరికిన రోజునే మీ టీము దిగుతుంది. ప్రశ్నలు ముప్పై పేజీలు. మా పెద్దమ్మ ఒకసారి పొద్దున తొమ్మిదికి కూర్చుంటే పన్నెండుకి లేచింది. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి, ప్యానెళ్ల ముందు నిలబెట్టి ఫొటో తీసుకుని పోయినారు. ఆ పూట కూలి ఎవరిస్తారు?

సోషియాలజీ సారు:
భావోద్వేగం సరే, కానీ డబ్బిస్తే జవాబు మారుతుంది. తీసుకున్నవాళ్లు మనకి నచ్చేదే చెప్తారు. పైగా ఒక ఇంట్లో ఇస్తే సాయంత్రానికి ఊరంతా వరస కడుతుంది, శాంపిల్ పోయినట్టే. మేం ఎప్పుడూ ఇవ్వలేదు. ఊళ్లో నెలల తరబడి ఉండి నమ్మకం సంపాదించుకున్నాం.

పావగడ పిల్ల:
మీరు సెమినార్‌లో మాట్లాడి గౌరవ వేతనం తీసుకుంటే మీ అభిప్రాయం మారుతుందా సార్?

సోషియాలజీ సారు:
వ్యక్తిగతంగా మాట్లాడొద్దు. నిపుణుడికి ఇచ్చే వేతనం వేరు, సమాచారం ఇచ్చేవాళ్లకి ఇచ్చేది వేరు.

పావగడ పిల్ల:
తన ఊరి గురించి మా పెద్దమ్మ కంటే నిపుణులెవరో చెప్పండి.

కోలారు కుర్రాడు:
😂😂 దెబ్బకి సారు సైలెంట్

సోషియాలజీ సారు:
సైలెంట్ ఏం లేదు, క్లాసులో ఉన్నాను. నాకు జీతమిచ్చే పని అదే.

బిల్లుల భాస్కరం:
నేను ఒక యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను, మీరందరూ తిట్టుకునే జాతి. సిద్ధాంతం మీరు తేల్చుకోండి, కాగితం సంగతి నేను చెప్తా. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది: పాల్గొన్నవాళ్లకి దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చు, ప్రలోభం అనిపించేంత ఇవ్వకూడదు, ఎంతన్నది పరిశోధనలో న్యాయాన్యాయాలు చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. కాబట్టి ప్రపోజల్‌లోనే ఫీల్డ్‌వర్క్ పద్దు కింద విడిగా ఒక లైను రాయండి. రాయకుండా ఊళ్లో పంచేసి, తర్వాత 'కంటింజెన్సీ' (చిల్లర ఖర్చుల) పద్దులో తోసేస్తే ఆడిటర్ పట్టుకుంటాడు. ఊరి పేరు, తేదీ, మొత్తం, సంతకం లేదా వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం, ఇవన్నీ ఉన్న రిజిస్టరు ఒకటి చాలు. మూడొందల వోచర్ మీద రెవెన్యూ స్టాంపు లేదని అభ్యంతరం పెట్టిన ఆడిటర్‌ని చూశాను. 5,000 దాటిన రసీదుకే స్టాంపు కావాలి. భయపడకుండా ఆ మాట చెప్పండి.

యూసీ బాధితుడు:
భాస్కరం గారూ, ఇంత మంచిగా మాట్లాడే అకౌంట్స్ మనిషి మా దగ్గర ఎందుకు లేరండీ!

బిల్లుల భాస్కరం:
ఉంటారు. మార్చి 31న కాకుండా జనవరిలో వెళ్లి కలవండి.

మల్లేశ్వరం మాష్టారు:
చర్చ పక్కదారి పట్టింది. ఇలాంటి చెల్లింపుల్ని కమిటీలో మేం సాధారణంగా తగ్గించేవాళ్లం. ల్యాప్‌టాప్, విమానం టికెట్లు కూడా తగ్గించాం, అది వేరే సంగతి.

కోలారు కుర్రాడు:
అంటే మా ఊరివాళ్ల కూలిలో కోత పెట్టింది మీరేనా మాష్టారూ? ఇన్నాళ్లకి దొరికారు.

మల్లేశ్వరం మాష్టారు:
నేను కమిటీలో ఒక్కణ్ణి. నిర్ణయం అందరిదీ. మీ వయసుకి ఆ తేడా అర్థం కాదు.

పావగడ పిల్ల:
ఇంకో సంగతి ఎవరూ అడగలేదు. ఇంటర్వ్యూకి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం ఏ భాషలో తెస్తారు? మా వైపు ఇంట్లో మాట తెలుగు, బడి కన్నడం. మావాళ్లు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. తెలుగు వాళ్లే కదా అని ఒక టీము తెలుగులో అచ్చేసి తెచ్చింది. మా తమ్ముడు తలకిందులుగా పట్టుకుని చూసి తిరిగిచ్చినాడు.

సిలికాన్ సుబ్బి:
అయ్యో, నేను తెలుగు ఒక్కటే అనుకున్నా. కన్నడలో అచ్చు వేయించి తెలుగులో చదివి వినిపిస్తే సరిపోతుందా?

తార్నాక టు జాలహళ్లి:
వినిపించడం ఒక్కటే చాలదండీ, చదువు రానివాళ్లయితే చదువొచ్చిన సాక్షి పక్కన ఉండాలి, టీముకి సంబంధం లేని మనిషి అయి ఉండాలి. ఊరి పెద్దమనిషితో సంతకం చేయించి అందరి తరఫునా అయిపోయిందనుకోకండి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా పరిశోధన గుర్తుందా? గిరిజన హాస్టళ్ల పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో అది ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. నేను ఎథిక్స్ ఫారం రాసిన ప్రతిసారీ ఆ వార్డెన్లే గుర్తొస్తారు.

సోషియాలజీ సారు:
అది మందుల పరిశోధన. కౌలు గురించి అడిగే ప్రశ్నావళికి దాన్ని అంటగట్టడం అన్యాయం. ఈ పద్ధతులన్నీ వైద్యం నుంచి తెచ్చి మా నెత్తిన రుద్దారు.

తార్నాక టు జాలహళ్లి:
కౌలు వివాదంలో ఎవరేం చెప్పారో బయటపడితే ఊళ్లో ఏమవుతుందో మీకు తెలియదా సార్? సూది లేదు కాబట్టి హాని లేదంటారా?

నిత్య బడిబాట:
మేం సామాజిక బాధ్యత కింద ప్రభుత్వ హైస్కూల్ పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకొచ్చి మైక్రోస్కోపులు చూపించాం. ఫొటోలతో రిపోర్టు పెట్టాం, చాలా మెచ్చుకున్నారు. సుబ్బి గారు కూడా అలా చేస్తే ఆ గడి నిండిపోతుంది.

తార్నాక టు జాలహళ్లి:
మీరు చెప్పేది కేంద్ర సైన్స్ శాఖ డీఎస్‌టీ 2022 మార్గదర్శకాల్లోని సైంటిఫిక్ సోషల్ రెస్పాన్సిబిలిటీ. అది పరిశోధకులు తమ సమయం కొంత సమాజానికి ఇవ్వడం గురించి. ఈమె అడిగేది సైన్స్ వచ్చాక ఊరేమైందని పరిశోధించడం. రెండూ ఒకటి కాదు. ల్యాబ్ టూర్ మంచిదే, కానీ ఇక్కడ అతకదు.

నిత్య బడిబాట:
మంచి పని చేసినా వంకలే. సరేలెండి.

కోలారు కుర్రాడు:
ప్రభావం గడి గురించి నేను చెప్తా. నల్లగొండ పద్ధతి తీసుకోండి. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేశారు: పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ దింపడం. ల్యాబ్‌లో బ్రహ్మాండం. ఊళ్లో? ఏ బోరు నీళ్లకి ఎంత పటికో రోజూ ఎవరు లెక్క కడతారు? అడుగున దిగిన మడ్డి ఎక్కడ పారబోస్తారు? ఈ ప్రశ్నలు అడగడమే సామాజిక ప్రభావం. మా కోలారుకీ అదే గతి. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీళ్లని రెండో దశ దాకా శుద్ధి చేసి మా చెరువుల్లోకి వదులుతున్నారు. బోర్లలో నీళ్లు పెరిగాయని మా నాన్న సంతోషం, ఆ నీళ్లతో టమాటా వద్దని మా బాబాయి గొడవ. పండక్కి ఇంటికెళ్తే ఇద్దరి మధ్యా కూర్చుని భోంచేయాలి.

యూసీ బాధితుడు:
టమాటా రేటు ఎంతుంది ఇప్పుడు కోలారు మార్కెట్‌లో?

కోలారు కుర్రాడు:
అడక్కండి. పెట్టె మోత ఖర్చు కూడా రావట్లేదు.

సిలికాన్ సుబ్బి:
నేను అడిగిన రెండో ప్రశ్న, సైన్స్ మనిషి ముఖ్య పరిశోధకురాలిగా ఉండొచ్చా అన్నది, ఇంకా అలాగే ఉంది 😅 ఇంకోటి, బ్రిటన్‌లో ఒక స్నేహితురాలు తన యూనివర్సిటీ ద్వారా డబ్బు పంపిస్తానంటోంది. ఆ దారి సులువేమో?

బిల్లుల భాస్కరం:
అమ్మా, ముందు మీ యూనివర్సిటీకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉందో లేదో కనుక్కోండి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ మెయిన్ బ్రాంచి ఎస్‌బీఐ ఖాతాలోకే రావాలి, ఊళ్లో పనిచేసే ఎన్‌జీఓకి అందులోంచి వాటా పంపడానికి వీల్లేదు, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. జీఎస్టీ భయం మాత్రం కొంత తగ్గింది, 2024 సెప్టెంబరులో కౌన్సిల్ యూనివర్సిటీల పరిశోధన గ్రాంట్లకి మినహాయింపు సిఫారసు చేసింది. అదీ అర్హతలు చూసుకున్నాకే.

తార్నాక టు జాలహళ్లి:
రెండో ప్రశ్నకి సూటిగా: ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కి అయితే సోషల్ సైన్స్ పీహెచ్‌డీ ఉన్నవాళ్లని ముఖ్య పరిశోధకులుగా పెట్టి, మీరు సహ పరిశోధకురాలిగా ఉండండి. పంపేముందు ఈసారి నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదవండి. మీ క్యాంపస్‌లో ఎవరూ లేకపోతే ఐఐఎస్‌సీ ఆవరణలోనే నియాస్ అనే పరిశోధన సంస్థ ఉంది, డీఎస్‌టీ పాలసీ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడి సెమినార్లకి వెళ్లండి, మనుషులు దొరుకుతారు. ఆన్‌లైన్‌లో నింపాక సంస్థ సంతకం, ముద్ర ఉన్న ప్రతి అడుగుతారు. రిజిస్ట్రార్ సెలవులో ఉంటారేమో ఇప్పుడే కనుక్కోండి.

మల్లేశ్వరం మాష్టారు:
ఇదంతా నేను మొదటే మెసేజ్‌లో చెప్తానన్నాను.

సోషియాలజీ సారు:
సుబ్బి గారూ, నేను సహకరించడానికి సిద్ధం. కూలి చెల్లింపు లైను తీసేస్తేనే.

సిలికాన్ సుబ్బి:
థాంక్యూ సార్. ఆ లైను ఉంటుంది. సగం పూటకి ఎంత రాయాలో పావగడ పిల్ల గారు చెప్పాలి.

పావగడ పిల్ల:
మీరు వచ్చే నెలలో కలుపు కూలి ఎంతుందో అడిగి అందులో సగం. ఇక్కడ కూర్చుని నేను ఒక అంకె చెప్తే అది తప్పవుతుంది. ముందు ఒకసారి ఊరికే రండి, ఫారాలు లేకుండా. మెజెస్టిక్‌లో పొద్దున బస్సెక్కితే మధుగిరి మీదుగా వస్తుంది. ఆదివారం వద్దు, మనుషులంతా ఇళ్లల్లో ఉంటారనుకుంటారు గానీ సంతలు, పెళ్లిళ్లు.

యూసీ బాధితుడు:
బస్సు టికెట్లు జాగ్రత్తగా దాచుకోండి మేడమ్. ప్రింటు వెలిసిపోతుంది, ఆ రోజే జిరాక్స్ తీయండి.