పాత డీజిల్ పికప్ కొనేముందు ఏమేం చూడాలి?

ప్రశ్న: పదిహేనేళ్లు దాటిన డీజిల్ పికప్ ఒకటి బేరానికి వచ్చింది. మెకానిక్‌కు చూపించే ముందు నేను స్వయంగా ఏమేం పరీక్షించవచ్చో దయచేసి తెలియజేయండి.

జవాబు 1: మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వేడెక్కిన ఇంజిన్ తన లోపాలను సులువుగా దాచేస్తుంది. స్టార్ట్ చేసి కొంతసేపైనా నీలిపొగ ఆగకపోతే ఆయిల్ కాలుతున్నట్లే. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను విప్పి, ఆ రంధ్రంపైనే తలకిందులుగా ఉంచండి: కాస్త ఆవిరి రావడం మామూలే గానీ, మూత ఎగిరిపడేంత ఒత్తిడి వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి.

జవాబు 2: ఇంజిన్‌ను బాగుచేయించుకోవచ్చు, తుప్పు తిన్న ఛాసిస్‌ను మాత్రం నేనైతే కొనను. వెనుక కమాన్‌పట్టీలు బిగించే చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. అక్కడ కొత్తగా నల్లరంగు పూసి ఉంటే మరీ గట్టిగా నొక్కండి.

జవాబు 3: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, నీటిపై ఆయిల్ తెట్టు ఉందేమో గమనించండి. ఛాసిస్ నంబరు పత్రాలతో సరిపోలకపోతే ఇక బేరమే వద్దు.