32 ఏళ్లు వచ్చినా కూరగాయలు మింగుడుపడని నేను తిండి అలవాట్లు ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న: పెరుగన్నం (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను బెంజి సర్కిల్ దగ్గర ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి నా భోజనం ఆవకాయతో మొదలై, బంగాళాదుంప వేపుడు, అప్పడాల మీదుగా గడ్డపెరుగుతో ముగిసేది. ఇంట్లో అందరికీ ఏ కూర వండినా, మా అమ్మ నా కోసం విడిగా మూకుడు పెట్టి దుంపలు వేయించేది. పెళ్లయిన తరువాత ఆ మూకుడు మా ఆవిడ చేతికి వచ్చింది.

కిందటి నెలలో చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర) 5.9, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 210 వచ్చాయి. ప్రస్తుతానికి మందులు అవసరం లేదనీ, అన్నం తగ్గించి కూర పెంచి, ఐదారు కిలోల బరువు తగ్గమనీ డాక్టరుగారు చెప్పారు. కూర పెంచడం అనే ఆ రెండు మాటలే నాకు కొండంత పనిగా కనిపిస్తున్నాయి.

ఇది మొండితనం కాదని దయచేసి నమ్మండి. వంకాయ మెత్తదనం, బెండకాయ జిగురు, సొరకాయ ముక్క నోట్లో చితికినప్పుడు ఊరే నీరు నా గొంతు దిగవు. బలవంతంగా మింగబోతే డోకు వస్తుంది. మెత్తగా ఉంటుందని అరటిపండు కూడా తినలేను. పచ్చి క్యారెట్, కీరా, దోర జామకాయ మాత్రం ఇష్టంగానే తింటాను. టమాటా పప్పు బాగా ఎనిపి పెడితే తింటాను గాని, అందులో ఒక్క తొక్క తగిలినా ముద్ద ఆగిపోతుంది. మొన్న తెనాలిలో మా అత్తగారు ప్రత్యేకంగా గుత్తి వంకాయ వండితే, కాయలన్నీ పళ్లెం అంచుకు నెట్టి, గుజ్జులో సగం మాత్రమే కలుపుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు గాని, మా ఆవిడ దారిపొడవునా మాట్లాడలేదు.

అలవాటు చేసుకుంటే అదే వస్తుందన్న సలహా నేను చాలామంది దగ్గర విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరుసలో వెళ్లాలో చెప్పగలిగినవారు ఉంటే రుణపడి ఉంటాను.

జవాబు: రోలు రోకలి (బ్రాడీపేట, గుంటూరు)

బాబూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. నలభై ఏళ్లుగా నలుగురు పిల్లలకూ, ఇప్పుడు మనవలకూ వండి పెడుతున్నదాన్ని కనుక నాకు తోచినది చెబుతాను. మీకు కూరగాయల రుచితో పేచీ లేదు. పచ్చి క్యారెట్ కరకరలాడుతుంది, ఎనిపిన పప్పు నున్నగా ఉంటుంది, ఆ రెండూ తింటున్నారు. మెత్తని పదార్థం మధ్యలో ముక్క తగిలితేనే మీకు ఇబ్బంది. అటువంటప్పుడు ముక్కల కూరలతో కుస్తీ పట్టడం దేనికి? మన వంటలో ముక్క ఆనవాలు లేకుండా కాయను తినిపించే మార్గం ఎప్పటి నుంచో ఉంది కదా, అదే రోటి పచ్చడి.

బీరకాయతో మొదలుపెట్టండి. లేత కాయ తెచ్చి, గరుకు ఈనెలు మాత్రం చెక్కి, ముక్కలను ఒక చెంచా నూనెలో నీరు ఇంకేదాకా మగ్గించండి. అదే మూకుట్లో పచ్చిమిర్చి వేయించి, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త చింతపండు చేర్చి బరకగా నూరించండి. మిక్సీ అయితే ఆపి ఆపి రెండు తిప్పులు చాలు, మరీ తిప్పితే మీకు నచ్చని ఆ మెత్తదనమే మళ్లీ వస్తుంది. పైన మినప్పప్పు, ఆవాల తాలింపు కరకరలాడుతూ ఉండాలి. చెక్కిన తొక్కు పారేయకుండా పొట్టు పచ్చడి చేయవచ్చు. ఆ తరువాత దొండకాయ, క్యాబేజీ, ఆపైన వంకాయ. వంకాయను ఉడికించకుండా నిప్పు మీద కాల్చి తొక్క తీసి నూరితే అది వంకాయేనని మీ నాలుక పోల్చుకోవడానికి కొంచెం సమయం పడుతుంది.

ఒక్క హెచ్చరిక ఉంది. మా గుంటూరు వాళ్ల చేతివాటాన ఉప్పూ కారమూ పడితే పచ్చడి నంజుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. మీరు దాన్ని కూరలా గరిటెడు వేసుకోవాలి కనుక, ఉప్పు, మిర్చి, చింతపండు మూడూ సగానికి తగ్గించి నూరించండి.

బెండకాయ సంగతి కూడా చెబుతాను. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే తరగాలి. మూత పెట్టకుండా వెడల్పాటి మూకుట్లో వేయించి, ఉప్పు చివర వేయాలి. ముందే ఉప్పు వేస్తే నీరు ఊరి జిగురు సాగుతుంది.

జవాబు: ఉదయపు నడక (కృష్ణలంక, విజయవాడ)

ఇంత ఆలోచన అవసరం లేదండీ. పొద్దున్నే పరగడుపున కాకరకాయ రసం ఒక గ్లాసు తాగి, అన్నం పూర్తిగా మానేసి కొర్రలు తినండి. మా బావమరిదికి మూడు నెలల్లో అన్నీ అదుపులోకి వచ్చాయి.

జవాబు: పథ్యం (గాంధీనగర్, విజయవాడ)

నేను ఆహార సలహాదారుగా పని చేస్తున్నాను. పై మిత్రులు సదుద్దేశంతోనే చెప్పారు గాని, సొరకాయే దిగనివారిని కాకరకాయతో మొదలుపెట్టమనడం, ఈత రానివారిని వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర దింపడం వంటిది. చేదు అందరికీ ఒకే మోతాదులో తెలియదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచినప్పుడు, పక్కనున్న సహచరుడు అది చేదుగా ఉందని ఫిర్యాదు చేస్తే, ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఈ తేడాకు చాలావరకు వంశపారంపర్యమైన జన్యువే కారణమని తరువాతి పరిశోధనల్లో తేలింది. కనుక కాకరకాయను మీ జాబితాలో చిట్టచివర పెట్టుకోండి, అసలు పెట్టుకోకపోయినా నష్టం లేదు. చక్కెర మందులు వాడుతున్నవారు వైద్యుణ్ని అడగకుండా ఆ రసం తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

కొర్రల విషయానికి వస్తే, వాటిలో బియ్యం కన్నా పీచు ఎక్కువే, కానీ అవి కూడా ధాన్యమే. కొర్రన్నంలో ఆవకాయ కలుపుకుని పళ్లెం నిండా తింటే మీ సమస్య రంగు మారుతుంది తప్ప తీరదు.

మీ 5.9 అనే అంకె గురించి భయపడనవసరం లేదు, అలాగని పక్కన పెట్టనూ కూడదు. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. ఈ రెండింటి మీదా పళ్లెంలోని అన్నం, సాయంత్రపు పునుగులు, కాఫీలో పంచదార కలిసి పని చేస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 2000 కిలో క్యాలరీల ఆహారంలో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. ధాన్యాలు 250 గ్రాములు చాలు. మీరు ఇప్పుడు బహుశా దీనికి తలకిందులుగా ఉన్నారు. 400 గ్రాములను మొదటి నెలలో చేరుకోవాలని పెట్టుకోకండి. ఉన్నదాని మీద రోజుకు 100 గ్రాములు పెరిగినా అది నిజమైన మార్పే, పైగా పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరించి మీరు మళ్లీ దుంపల దగ్గరికే చేరతారు.

బ్రాడీపేట అమ్మగారు మూలం సరిగ్గా పట్టుకున్నారు. ఆవిడ చెప్పినదానికి నేను చేర్చేది వరుస మాత్రమే. ఒక కాయలో ఒకసారి ఒక్క గుణమే మార్చండి. ఎనిపిన టమాటా పప్పు మీకు అలవాటే కనుక, మొదటి వారం అందులో గుప్పెడు పాలకూర సన్నగా తరిగి పప్పుతో కలిపి ఉడికించి ఎనపాలి. రంగు మారుతుంది గాని నాలుకకు తగిలే తీరు మారదు. అది అలవాటైన తరువాత పాలకూర బదులు తోటకూర, ఆ తరువాత గోంగూర. కొన్నాళ్లకు ఎనపడం కాస్త తగ్గించండి. బచ్చలి జిగురుగా ఉంటుంది కనుక దాన్ని వదిలేయండి. ఒక పదార్థాన్ని నోరు ఒప్పుకోవడానికి పిల్లలకు పది పదిహేను సార్లు రుచి చూపించవలసి వస్తుంది. పెద్దవారు ఒక్కసారి తిని నచ్చలేదని తీర్పు చెప్పేస్తారు. చెంచాడు తిని ఆపేసినా అది ఒక సారి కిందే లెక్క.

భోజనానికి ముందు కీరా, క్యారెట్ తినడం ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు, వాటిని నేర్చుకునే శ్రమ కూడా లేదు. దోర జామకాయ ఉండగా అరటిపండు తినలేనన్న దిగులు అనవసరం. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఉదయం ఇడ్లీ, కారప్పొడి బదులు వారానికి మూడు రోజులు పెసరట్టు వేయించుకోండి. మీరు కోరుకునే కరకర, మీకు కావలసిన మాంసకృత్తులు రెండూ అందులో ఉన్నాయి. పెరుగు మానవద్దు, పెరుగులో కలిపే అన్నం తగ్గించండి.

ఒక మాట గంభీరంగా చెప్పాలి. తినగలిగే పదార్థాల సంఖ్య ఏటికేడు తగ్గిపోతున్నా, అనుకోకుండా బరువు పడిపోతున్నా, రక్తహీనత వంటివి కనిపిస్తున్నా దానిని చాదస్తంగా కొట్టిపారేయకూడదు. ఏఆర్‌ఎఫ్‌ఐడీ (తిండిని మితిమీరి దూరం పెట్టడం, పరిమితం చేసుకోవడం) అనే పేరుతో 2013 నుంచి వైద్యులు దీనిని ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నారు. మీ వివరాలు అంత దూరం వెళ్లినట్లు అనిపించడం లేదు, అయినా మీ డాక్టరుగారికి డోకు సంగతి తప్పక చెప్పండి.

జవాబు: పాత పాపి (కొత్తపేట, గుంటూరు)

మీ ప్రశ్న చదువుతుంటే ఎనిమిదేళ్ల కిందటి నన్ను చూసినట్లుంది, నాది గుడ్డు తప్ప మరేదీ ముట్టని వ్యవహారం. పదార్థాల గురించి పెద్దలు చెప్పారు కనుక నేను ఇంటి సంగతి చెబుతాను. నేను వంకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే మా ఇంట్లో నలుగురూ చేతులు ఆపి నా మొహంలోకి చూసేవారు. తిన్నాడా, మింగాడా, మొహం ముడిచాడా అన్న ఆ చూపుల మధ్య నాకు అన్నం కూడా దిగేది కాదు. చివరికి ఇంట్లో వాళ్లతో ఒక ఒప్పందం చేసుకున్నాను. నేను తిన్నా వదిలినా ఎవరూ మెచ్చుకోకూడదు, వెక్కిరించకూడదు. నా కోసం విడిగా ఏదీ వండకూడదు, కానీ ఆ పూట వంటల్లో నేను తినగలిగినది ఒక్కటైనా ఉండాలి. మీ ఆవిడ దుంపల మూకుడు ఒక్కసారిగా దించేయనక్కర లేదు, వారంలో రెండు రోజులకు పరిమితం చేస్తే చాలు.

మరొకటి, ఆదివారం పొద్దున్నే మీరే సంచి పట్టుకుని పటమట రైతు బజారుకు వెళ్లండి. నా చేత్తో ఏరి, బేరమాడి తెచ్చిన దొండకాయలను పళ్లెం అంచుకు నెట్టడానికి నాకే మనసొప్పలేదు. ఇది శాస్త్రమో కాదో పథ్యం గారే చెప్పాలి.

ఆరు వారాల తరువాత: పెరుగన్నం (పటమట, విజయవాడ)

అమ్మగారికీ, పథ్యం గారికీ, కొత్తపేట అన్నగారికీ కృతజ్ఞతలు. జరిగినది జరిగినట్లు రాస్తున్నాను. బీరకాయ పచ్చడి మొదటి రోజే గెలిచింది, ఇప్పుడు వారానికి రెండుసార్లు గరిటెడు వేసుకుంటున్నాను. పాలకూర పప్పుకు నాలుగో ప్రయత్నం దాకా ముఖం చిట్లించాను, ఇప్పుడు ఇబ్బంది లేదు. గోంగూర పప్పు మాత్రం ఇన్నేళ్లు ఎందుకు తినలేదో నాకే అర్థం కావడం లేదు. బెండకాయ వేపుడు చల్లారితే జిగురు లేకపోయినా మెత్తబడుతోంది, వేడిగా ఉన్నప్పుడు మాత్రమే తినగలుగుతున్నాను కనుక డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లడం కుదరలేదు. సొరకాయ ఓడిపోయింది, పచ్చడిలో కూడా. పునుగులు పూర్తిగా మానలేదు, శనివారాలకు మిగుల్చుకున్నాను. డాక్టరుగారికి డోకు సంగతి చెప్పాను; రక్తపరీక్ష మూడు నెలలు నిండాక చేయిద్దామన్నారు. బరువు కిలోన్నర తగ్గింది.

మొన్న తెనాలి వెళ్లినప్పుడు మా అత్తగారు గుత్తి వంకాయ చేయలేదు. పొయ్యి మీద రెండు నల్ల వంకాయలు కాలుతున్న వాసన వీధిలోకే వచ్చింది. మా ఆవిడ ముందుగా ఫోను చేసి చెప్పిందట. రెండు ముద్దలు తిన్నాను, మూడోది కలుపుకున్నాను గాని పూర్తి చేయలేకపోయాను. ఆ సమయానికి అందరూ ఎంతో శ్రద్ధగా చారు పోసుకుంటున్నారు.

అమ్మగారిని ఒకటి అడగాలి. దొండకాయ పచ్చడి చేసినప్పుడు గింజలు పంటికి తగులుతున్నాయి. లేత కాయలు ఏరుకోవడం తప్ప దానికి వేరే ఉపాయం ఉందా?