అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్... జూన్‌లో కారులో తిరగడం అయ్యే పనేనా?

మూడులాంతర్లు (విజయనగరం):

అందరికీ నమస్కారం. తమ్ముడు అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మానాన్నలకి విజిటర్ వీసా వచ్చింది, తోడుగా నేనూ వెళ్తున్నాను. వాడికి జూన్ ఆఖర్లో వారం పైన ఒకట్రెండు రోజులు సెలవు దొరుకుతుందట. దానికి వాడు వేసిన ప్లాన్ చూస్తే నాకు కళ్ళు తిరిగాయి: గ్రాండ్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్, కాపిటల్ రీఫ్, బ్రైస్, జయాన్, డెత్ వ్యాలీ, మళ్ళీ ఫీనిక్స్. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, అందుకని "రోజుకి నాలుగొందల కిలోమీటర్లంటే ఏటుందిరా" అని వాణ్ణి ఎగదోస్తున్నారు. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, కాసిన్ని మెట్లెక్కినా మర్నాడు లేవలేదు.

ఎండ మాటెత్తితే ఇంట్లో అందరిదీ ఒకటే పాట, మే నెలలో ఇక్కడ ఉండేవాళ్ళకి అక్కడి ఎండ ఓ లెక్కా అని. నాకైతే టెన్షన్‌గా ఉంది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఉంటే ఏవి ఉంచాలో ఏవి తీసెయ్యాలో చెప్పండి. ఇంకోటి, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి అవన్నీ ఒకేలా ఉంటాయని మా మావయ్య అంటున్నాడు, నిజమేనా?

నాగావళి ఒడ్డు:

ముందు డెత్ వ్యాలీ కొట్టెయ్యండి. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది అక్కడే, ఫర్నెస్ క్రీక్‌లో. జూన్ ఆఖర్లో 45 దాటడం మామూలు విషయం. డిసెంబరులోనో ఫిబ్రవరిలోనో అయితే చక్కగా ఉంటుంది, ఇప్పుడు మాత్రం పెద్దవాళ్ళతో వద్దు.

ఇక మన ఎండ, వాళ్ళ ఎండ ఒకటి కాదండీ. మనకి సముద్రం పక్కనే ఉంది కాబట్టి చెమటతో చొక్కా తడిసి ముద్దవుతుంది, ప్రాణం ఉసూరుమని నీడ చూసుకుని కూర్చుంటాం. అక్కడ గాలిలో తడి ఉండదు, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, అబ్బే పెద్ద ఎండేం లేదే అనుకుంటూ నడుస్తూనే ఉంటారు, ఆ లోపల ఒంట్లో నీళ్ళు అయిపోతాయి. మే నెల అలవాటు అక్కడ పనికిరాదు. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు కారులో ఉండాల్సిందే, ఉత్త నీళ్ళే కాకుండా ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పగా ఉండే జంతికల్లాంటివీ పెట్టుకోండి. నాన్నగారికి పొందూరు ఖద్దరు పొడుగు చేతుల చొక్కాలుంటే అవే వేసుకోమనండి, షాపులో కొనే టీషర్టుల కన్నా నయం.

గ్రాండ్ కాన్యన్ గురించి భయపడక్కర్లేదు. సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు, సుమారు 2100 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్‌లో కూడా రాత్రికి స్వెట్టర్ వెయ్యాలి. వేడంతా అడుగున. కిందకి దిగేకొద్దీ పెరుగుతూ పోయి నది దగ్గరికొచ్చేసరికి పైకన్నా పది డిగ్రీలకి పైనే తేడా ఉంటుంది. కాబట్టి దిగకండి. దిగడం ఎవడైనా దిగుతాడు, ఎక్కాల్సింది మిట్టమధ్యాహ్నం. మేథర్ పాయింట్ దగ్గర నుంచి అంచు వెంబడే చదునైన దారి ఉంది, ఫ్రీ బస్సులు తిరుగుతుంటాయి, అమ్మగారు హాయిగా చూడొచ్చు. మీ తమ్ముడు నార్త్ రిమ్ అంటే కూడా వద్దనండి. రెండు అంచుల మధ్య అడ్డంగా కొలిస్తే 16 కిలోమీటర్లే, రోడ్డు మీద 340. పైగా అక్కడి పాత లాడ్జి 2025లో కార్చిచ్చుకి కాలిపోయింది.

టెక్కలి బావ:

అన్నీ కొట్టేస్తే ఇంక వెళ్ళడం దేనికి బావూ 😀 ఆర్చెస్ తీసెయ్యకండి. రెండు వేలకి పైగా రాతి తోరణాలు ఒక్కచోట ఇంకెక్కడా లేవు. డెలికేట్ ఆర్చ్ దాకా నడవలేకపోతే విండోస్ సెక్షన్ ఉంది, కారు దిగి కాస్త నడిస్తే పెద్ద పెద్దవి కనిపిస్తాయి. ఆర్టీసీ నాన్నగారు ఉన్నారు కదా, స్టీరింగు ఆయనకిచ్చేస్తే సరి.

బొబ్బిలి వీణ:

టెక్కలి బావ గారూ, మీరు కుర్రాళ్ళతో వెళ్ళుంటారు. డెలికేట్ ఆర్చ్ రానూ పోనూ ఐదు కిలోమీటర్లు, నున్నటి బండ మీద ఎక్కాలి, నీడ అన్నది లేదు. విండోస్ బాగుంటుంది, కాదనను, కానీ బ్రైస్ నుంచి ఆర్చెస్‌కి నాలుగైదు గంటల ప్రయాణం, మళ్ళీ వెనక్కి అంతా. కారులో కూర్చుని కూర్చుని అమ్మగారి మోకాళ్ళు అక్కడే బిగుసుకుపోతాయి. అద్దె కారైతే అగ్రిమెంటులో పేరు లేనివాళ్ళు నడిపితే ఇన్సూరెన్సు రాదు, కాబట్టి నాన్నగారికి స్టీరింగు అనే మాట ఆయన ముందు అనకండి.

మా అత్తగారినీ మావగారినీ తిప్పిన దారి చెప్తాను. ఫీనిక్స్ నుంచి సౌత్ రిమ్ మూడున్నర గంటలు. అక్కడ రెండు రాత్రులుండి, డెజర్ట్ వ్యూ మీదుగా పేజ్ ఊరికి. పేజ్‌లో హార్స్‌షూ బెండ్‌కి (నది గుర్రపు నాడాలా మెలిక తిరిగే చోటు) ఒక కిలోమీటరు దారి, వీల్‌చైర్ కూడా వెళ్తుంది, నీడ లేదు కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. ఆంటెలోప్ కాన్యన్ అంటే ఇరుకైన రాతి సందు, లోయర్, అప్పర్ అని రెండు భాగాలు. అది నవాహో అనే అక్కడి ఆదివాసీల భూమి, గైడు లేకుండా పంపరు. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లు, అది అమ్మగారికి కుదరదు. అప్పర్‌లో లోపలంతా చదునే గానీ బయటికొచ్చాక మెట్ల దారిలో తిరిగి రావాలి. జులై, ఆగస్టుల్లో అక్కడ ఉరుములతో వానలు పడతాయి, ఆకాశం నిర్మలంగా ఉన్నా వరద రావచ్చు. 1997 ఆగస్టులో లోయర్‌లో పదకొండు మంది కొట్టుకుపోయారు, వాన పడింది మాత్రం దూరంగా ఎక్కడో. గైడు టూరు ఆపేశామంటే డబ్బుల గురించి వాదించకండి.

పేజ్ నుంచి బ్రైస్ రెండున్నర గంటల పైనే. అక్కడ నుంచి జయాన్ రెండు గంటలు. జయాన్ లోపలి రోడ్డు మీద ఆ సీజన్‌లో సొంత కార్లు పోనివ్వరు, షటిల్ బస్సే. మా మావగారికి ఆ బస్సే అన్నిటికన్నా నచ్చింది, ఎక్కడ పడితే అక్కడ దిగొచ్చు, వెనకాల బస్సు ఎక్కొచ్చు. తర్వాత వేగస్ మీదుగా ఇల్లు.

టైము జాగ్రత్త. వేసవిలో అరిజోనాలో గడియారం గంట ముందుకి జరపరు, బ్రైస్, జయాన్ ఉన్న యూటాలో జరుపుతారు, నవాహో వాళ్ళూ జరుపుతారు. పేజ్‌ది అరిజోనా టైమే, కానీ ఫోన్ పక్క టవర్ పట్టుకుని గంట ముందుకి చూపిస్తుంది.

మీ మావయ్య గారి మాటకొస్తే, ఎర్రమట్టి దిబ్బలు ఇసుక, వానకి కోసుకుపోయినవి. బ్రైస్‌లో స్తంభాల్లా నిలబడ్డ రాళ్ళని చెక్కింది మంచు: పగుళ్ళలో నీళ్ళు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి, ఏడాదిలో దాదాపు సగం రోజులు ఇదే వరస. గ్రాండ్ కాన్యన్‌ని కొలరాడో నది కోసింది, పోల్చాలంటే గండికోటతో పోల్చాలి.

మూడులాంతర్లు (విజయనగరం):

చాలా థాంక్సండీ. ఇదంతా తమ్ముడికి పంపాను. మూతి ముడిచాడు గానీ, ఆర్చెస్‌కి అక్టోబరులో ఫ్రెండ్స్‌తో వెళ్తాడట. టిక్కెట్ల సంగతి ఏమిటి? విదేశీయులకి రేట్లు పెంచారని విన్నాను.

నాగావళి ఒడ్డు:

అవును, 2026 జనవరి నుంచి. అమెరికాలో ఉండేవాళ్ళకి ఏడాది పాస్ 80 డాలర్లు, బయటివాళ్ళకి 250. పాస్ లేకపోతే పదకొండు పార్కుల్లో పదహారేళ్ళు నిండిన విదేశీయులకి తలకి 100 డాలర్లు అదనం, మీరు చూసే గ్రాండ్ కాన్యన్, బ్రైస్, జయాన్ మూడూ ఆ లిస్టులోనే ఉన్నాయి. మీరు ముగ్గురు, పార్కులు మూడు, 900 అవుతుంది, అంతకన్నా 250 పాసే మేలు. ఆంటెలోప్, హార్స్‌షూ బెండ్ దగ్గర మాత్రం ఏ పాసూ చెల్లదు, మొదటిది నవాహో వాళ్ళది, రెండోదాని పార్కింగ్ పేజ్ ఊరివాళ్ళది.

రూములు ఇవాళే చూడమనండి. సౌత్ రిమ్ లోపలి లాడ్జీలు ఏడాది ముందే నిండిపోతాయి, దొరక్కపోతే గేటు బయటే టుసాయన్ అనే ఊరు ఉంది. చీకటి పడ్డాక మాత్రం ఆ రోడ్డు మీద నడపొద్దు, ఎల్క్‌లు (పెద్ద జాతి దుప్పులు) అడ్డమొస్తాయి, ఒక్కోటి మన గేదె కన్నా ఎత్తు.